చిన్న గేరు, పాత బాట

రోమ్ నగరానికి కొంత దూరంలో వికరెల్లో అనే చోట, వేడినీటి ఊట దగ్గర, 1852లో నాలుగు వెండి పాత్రలు బయటపడ్డాయి. వాటిని మైలురాయి ఆకారంలో చేశారు. స్పెయిన్ కొసనున్న కాడిజ్ నుంచి రోమ్ దాకా దారిలో తగిలే మజిలీల పేర్లు, ఒక మజిలీ నుంచి మరొకదానికి ఎన్ని మైళ్లో ఆ అంకెలు వాటి చుట్టూ చెక్కి ఉన్నాయి. సైకిల్ యాత్రికుడు చూసి మురిసిపోవాల్సిన వస్తువు మ్యూజియంలో ఏదైనా ఉందంటే అది ఇదే. ఎందుకంటే ఆ పేర్లలో కొన్నిటిని ఇవాళ్టికీ సైకిల్ మీద ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోవచ్చు. నెమౌసుస్ అంటే ఇప్పటి నీమ్. ఉగెర్నుమ్ అంటే బొకేర్. తర్వాత గ్లానుమ్, ఆపైన కవయ్యోన్, ఆప్ట్. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఈ దారి పేరు వియా దొమీసియా. క్రీ.పూ. 118 ప్రాంతంలో రోమన్లు ఇటలీని స్పెయిన్‌తో కలపడానికి వేశారు. నీమ్ నుంచి ఆప్ట్ దాకా వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

రోమన్ మైలు అంటే మన లెక్కలో దాదాపు 1480 మీటర్లు. గంటకు 16 కిలోమీటర్ల చొప్పున తొక్కితే ఒక మైలుకు అయిదున్నర నిమిషాలు పడుతుంది. బొకేర్, నీమ్‌ల మధ్య పొలాల్లో మట్టిబాటగా మిగిలిన భాగంలో పాత మైలురాళ్లు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. కారులో నిమిషం తిరక్కుండా దాటిపోయే దూరం ఇక్కడ ఒక కొలతగా ఒంటికి తెలుస్తుంది. రాయికీ రాయికీ మధ్య ఒక ద్రాక్షతోట, ఒక ఎండిన వాగు, ఒక చిన్న ఎత్తు వస్తాయి. ఆ ఎత్తు దగ్గరే అసలు సంగతి మొదలవుతుంది.

కొండ సీమలో సైకిల్ తొక్కడం బలానికి సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ముందు గేరుకూ, తర్వాత ఓపికకూ సంబంధించిన విషయం. ఈ మాట ఫ్రెంచివాళ్లకు నేర్పినవాడు పాల్ ద వీవీ. 1853లో ఈ ప్రొవాన్స్ సీమలోనే, పెర్న్ అనే ఊళ్లో పుట్టాడు. సాంటేటియెన్ నగరంలో పట్టు వ్యాపారం చేసి, దాన్ని వదిలి సైకిళ్ల దుకాణం పెట్టాడు. 1887లో సైకిల్ పత్రిక మొదలుపెట్టి, వెలోసియో అనే కలం పేరుతో దశాబ్దాల పాటు రాశాడు. ఊరి దక్షిణాన 1161 మీటర్ల ఎత్తున్న రెపబ్లిక్ కనుమ ఆయన ప్రయోగశాల. రకరకాల గేర్లు బిగించి ఆ కనుమ ఎక్కేవాడు, ఏది ఒంటికి హాయిగా ఉందో పత్రికలో రాసేవాడు. ఒకే గేరుతో నెగ్గుకురావడమే మగతనమని పందేలవాళ్లు నమ్మిన కాలమది. టూర్ ద ఫ్రాన్స్‌లో ప్రధాన పోటీదారులకు గేరు మార్చే డిరైల్యూర్ వాడుకునే వీలు 1937 దాకా రాలేదు. వెలోసియో అప్పటికి ఏడేళ్ల కిందటే చనిపోయాడు. పోటీ లేకుండా, దేశం చూడడానికి, దూరాలు తొక్కే సంప్రదాయానికి ఫ్రాన్స్‌లో ఆయన్నే పెద్దగా తలుచుకుంటారు. ఏటా ఈస్టర్‌కు ప్రొవాన్స్‌లో సైకిలిస్టులు కలుసుకునే ఆనవాయితీ కూడా ఆయన చలవే.

చిన్న గేరు చేసే పని అంకెల్లో చూద్దాం. ముందు పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికీ 34 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. అంటే బండి సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. కిలోమీటరుకు 70 మీటర్లు ఎక్కే దారిలో, సంచులతో సహా, మామూలు ఆరోగ్యమున్న మనిషి ఈ తీరున చాలాసేపు పోగలడు. అదే కొండను పెద్ద గేరులో ఎక్కబోతే అయిదు నిమిషాల్లో తొడలు పట్టేస్తాయి, మోకాలు మొరాయిస్తుంది.

గేరు ఉండగానే సరిపోదు, వేసే సమయం తెలియాలి. ఎత్తు ఎదురయ్యాక, పెడల్ మీద ఒళ్లంతా బరువు పెట్టి తొక్కుతూ గేరు మారిస్తే చైను కిర్రుమంటుంది, ఒక్కోసారి జారిపోతుంది. ఎత్తు ఇంకా పది బారల దూరంలో ఉందనగానే మార్చుకోవాలి. సీటు మీదే కూర్చోవాలి. చేతులు హ్యాండిల్‌ను ఊరికే ఆనుకుని ఉండాలి, భుజాలు వదులుగా ఉండాలి. పక్కనున్న మనిషితో మాట తెగకుండా మాట్లాడగలిగితే ఆ వేగం మీకు సరైనది. మాట తెగుతోందంటే ఇంకో గేరు దించుకోవాలి, లేదంటే నెమ్మదించాలి. ఆకలి కాకముందే తిను, దాహం కాకముందే తాగు, చలి పట్టకముందే కప్పుకో, గొప్ప కోసం తొక్కకు అన్న అర్థంలో వెలోసియో పెట్టిన నియమాలు ఇప్పటికీ ఫ్రెంచి క్లబ్బుల్లో చెప్పుకుంటారు. నాలుగోది అన్నిటికన్నా కష్టం. వెనకనుంచి ఎవరో దాటి వెళ్లిన క్షణంలో చాలామంది దాన్ని మరిచిపోతారు.

ఈ నేల మీద ఎత్తుపల్లాల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, రోమన్ ఇంజనీరు రోజంతా తల పట్టుకున్న లెక్క కూడా అదే. నీమ్ నగరానికి నీళ్లు యుజెస్ దగ్గరి ఊట నుంచి తేవాలి. తిన్నగా చూస్తే 20 కిలోమీటర్లే, కానీ మధ్యలో కొండలు. వాళ్లు కాలువను కొండల చుట్టూ తిప్పి తిప్పి 50 కిలోమీటర్లు నడిపించారు. ఆ మొత్తం దూరంలో నీరు దిగేది సుమారు 12 మీటర్లే, అంటే సగటున కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్లు. గార్డాన్ నది అడ్డం వచ్చిన చోట ఆ వాలు చెడకుండా ఉండడానికే 49 మీటర్ల ఎత్తున, మూడు వరసల కమానులతో పోన్ దు గార్ కట్టారు. అందరూ ఆ వంతెన ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. సైకిల్ మీద యుజెస్ నుంచి వచ్చినవాడికి మాత్రం అక్కడికి చేరేలోపే దాని గొప్పతనం అర్థమైపోతుంది. దారిలో ఒక్క చిన్న దిబ్బ ఎక్కి దిగినా 12 మీటర్లు అయిపోతాయి. కాలువ మొత్తానికి ఉన్న దిగుడును మనం అరనిమిషంలో వృథా చేసేస్తాం. వేర్ ఊరి దగ్గర పొదల్లో పాత కాలువ ముక్కలు కనిపిస్తాయి. గోడలకు జానెడుకు మించి పేరుకున్న సున్నపు పొరను చేత్తో తడిమి చూడవచ్చు. కొన్ని వందల ఏళ్లు నీరు పారిందనడానికి అదే సాక్ష్యం.

దీనికి పూర్తిగా ఎదురు తీరు ఆల్పీయ్ కొండల్లో, ఫోన్‌వియెయ్ దగ్గరి బార్బెగల్‌లో ఉంది. ఇక్కడ వాళ్లకు వాలు కావాలి. ఆర్ల్ వైపు వెళ్లే కాలువ నీటిలో కొంత మళ్లించి, నిటారైన గుట్ట మీంచి రెండు వరసలుగా, వరసకు ఎనిమిది చొప్పున, పదహారు చక్రాల మీదికి వదిలారు. ఒక చక్రాన్ని తిప్పిన నీరే కింద చక్రాన్నీ తిప్పేది. పిండి మరల కోసం ఇంత ఏర్పాటు. ఇప్పుడక్కడ శిథిలాలే మిగిలినా, సైకిల్ పక్కన ఆనించి ఆ మెట్ల వాలు ఎక్కితే ఆయాసంతో పాటు సంగతీ బోధపడుతుంది.

దిగుడు గురించి తక్కువ చెప్తే చాలు, కానీ శ్రద్ధగా వినాలి. బ్రేకు పట్టుకునే దిగకూడదు, వేడెక్కి పట్టు తప్పుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. బయటి వైపు కాలు కిందికి ఉంచి దాని మీద బరువు వేయాలి. చూపు చక్రం ముందు కాకుండా మలుపు చివర ఉండాలి. సంచులు ఎంత కిందికి వేలాడితే బండి అంత నిలకడగా ఉంటుంది. 32 నుంచి 38 మిల్లీమీటర్ల టైర్లయితే తారుకూ మట్టికీ రెంటికీ పనికొస్తాయి.

గాలినీ లెక్కలో వేసుకోవాలి. రోన్ లోయ వెంట ఉత్తరం నుంచి మిస్త్రాల్ అనే గాలి విసురుతుంది. పొలాల మధ్య సైప్రస్ చెట్లు తూర్పు పడమరలుగా వరసలు కట్టి ఉన్నాయంటే అది దాన్ని ఆపడానికే. పాత పల్లె ఇళ్లకు ఉత్తరం వైపు కిటికీలు దాదాపు ఉండవు. యాత్ర ఉత్తరాన మొదలుపెట్టి దక్షిణానికి వస్తే వీపున నెట్టే గాలి దొరుకుతుంది. మిషెలిన్ మ్యాపుల్లో రోడ్డు మీద బాణపు గుర్తులుంటాయి. మొన ఎటు ఉందో అటు ఎక్కుడు. ఒకటుంటే నూటికి 5 నుంచి 9 వంతుల ఎత్తు, రెండుంటే 13 దాకా. ముందురోజు రాత్రి ఆ గుర్తులు లెక్కపెట్టుకుని మజిలీ నిర్ణయించుకోవడం ఈ విద్యలో సగభాగం.

ఆప్ట్‌కు ముందు కలవోన్ ఏటి మీద పోన్ జూలియన్ వస్తుంది. ఇక్కడ తప్పకుండా దిగి, ఏటి గట్టుకు వెళ్లి చూడాలి. సున్నం పెట్టకుండా రాయి మీద రాయి అతికినట్టు పేర్చారు. మూడు కమానుల్లో నడిమిది పెద్దది, అందుకే పైన బాట వీపు ఎత్తి మళ్లీ దిగుతుంది. స్తంభాల్లో కిటికీల్లాంటి తూములు వదిలారు, వరద పొంగితే నీరు వాటిగుండా పోయి వంతెన మీద ఒత్తిడి తగ్గుతుంది. క్రీ.పూ. 3 ప్రాంతంలో కట్టిన ఈ వంతెన మీదుగా 2005 దాకా కార్లు తిరిగాయి. ఆ ఏడు పక్కన కొత్త వంతెన వచ్చాక పాతదాన్ని నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేశారు. ప్రభుత్వాలు పాత కట్టడాల చుట్టూ కంచె వేయడం కన్నా ఇలా మెల్లగా వెళ్లేవాళ్ల వాడకంలో ఉంచడమే మేలని నాకు అనిపిస్తుంది.

వెలోసియో మొదలుపెట్టిన దూరాలు తొక్కే సంప్రదాయంతో మనవాళ్లకూ ఒక చుట్టరికం ఉంది. హైదరాబాద్‌లో పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించే దూర సవారీ) పూర్తిచేసేవాళ్ల ఫలితాలు పారిస్‌లోని ఓదాక్స్ క్లబ్ లెక్కల్లోకి ఎక్కుతాయి. ఈస్టర్ వేళ జట్లు 24 గంటలు తొక్కి ప్రొవాన్స్ చేరే ఫ్లెష్ వెలోసియోను 1947 నుంచి నడుపుతున్నదీ ఆ క్లబ్బే. కాబట్టి దూరం తొక్కే అలవాటున్నవాళ్లకు మన దగ్గర కొదవలేదు. వాళ్లకు నేను చెప్పేదల్లా, ఒక్కసారి గడియారం పక్కనపెట్టి ఈ సీమకు రమ్మని. ఏప్రిల్ చివర, మే, లేదంటే సెప్టెంబర్ మంచి కాలం. జూలై ఎండా, లావెండర్ తోటల జనమూ భరించడం కష్టం. కొత్తవాళ్లయితే కవయ్యోన్ నుంచి ఆప్ట్ వైపు, పాత రైలు కట్టను సైకిళ్లకు మార్చిన బాట మీద మొదలుపెట్టవచ్చు. రైలు ఎక్కలేనంత ఎత్తు దాని మీద ఎక్కడా రాదు. రెండో రోజుకు కాళ్లు కుదురుకున్నాక, పక్కనున్న లుబెరాన్ కొండల్లోకి ఒక బాణం గుర్తున్న దారి ఏదైనా ఎంచుకోండి.