పెట్టె ముందు ఇరవై నిమిషాలు

అమెరికా జాజ్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్ ఆర్గాన్ మీద వాయించిన ‘ది సెర్మన్’ ఇరవై నిమిషాల బ్లూస్. బ్లూ నోట్ కంపెనీకి 1958లో రికార్డు చేశాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే అందుకున్నప్పుడు కింద ఆయన ఏం చేస్తున్నాడా అని వినడం నాకిష్టం. బాస్ ఆగకుండా నడుస్తుంటుంది. వాయించేవాడు ఊపిరి తీసుకునే సందు చూసి కుడిచెయ్యి చిన్న ముక్క అందించి తప్పుకుంటుంది.

సూర్యాపేట చుట్టుపక్కల పద్యనాటకాలు చూసినవాళ్ళకు ఈ పనితనం కొత్త కాదు. కృష్ణుడి వేషం పద్యం చివర రాగం ఎత్తుకుంటాడు. హార్మోనియం ఆయన ఎడమచెయ్యి తిత్తికే సరి, ఉన్నది కుడిచేతి వేళ్ళే. నటుడు ఏ స్వరం మీద నిలుస్తాడో ముందే పసిగట్టి అక్కడ కాచుకోవాలి. ఆయనకు దమ్ము చాలని చోట రాగం తెగకుండా పట్టుకొని, మళ్ళీ ఆయనకే అప్పగించాలి. ఇంత కష్టమైన విద్యను పక్కవాద్యం అని ఒక్క మాటలో తేల్చేస్తాం!

స్మిత్ మొదట పియానో మనిషి. వైల్డ్ బిల్ డేవిస్ వాయించగా విని ఆర్గాన్ పట్టాడు. కాళ్ళకింది పెడళ్ళ పటం గోడకు అంటించుకొని, కిందికి చూడకుండా సాధన చేశాడట. 1956లో తొలి ఆల్బం, 2005లో కన్నుమూసేదాకా వాయింపు. ‘ది సెర్మన్’ నాటికి ఎల్పీ రికార్డు వచ్చింది గనక ఆ ఇరవై నిమిషాలూ ఒక పక్కన పట్టాయి.

మన పద్యాలు 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీదికి ఎక్కాయి. పక్కకు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. పద్యం పట్టేసరికే సరిపోయె, హార్మోనియం పెట్టెకు చోటేదీ? పైగా గమకాలు పలకవన్న కారణంతో 1940 నుంచి 1971 దాకా రేడియోలో హార్మోనియానికి నిషేధం. స్మిత్ పేరు తెచ్చుకున్న ఏళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. రాత్రంతా వాయించి తెల్లారి బస్సెక్కిన మనవాళ్ళ వేళ్ళు ఎలా నడిచాయో ఇప్పుడు వినే దారి లేదు. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా భజన మండళ్ళలో ఇంకా మంచి చేతులున్నాయి. ఈసారి ఫోను గాయకుడి ముందు కాకుండా పెట్టె దగ్గర పెట్టండి, కాకపోతే తిత్తికి కాస్త ఎడంగా. రాగం మధ్యలో ఆపకండి. వాయించినాయన పేరు, ఊరు, ఏ శ్రుతో కూడా చెప్పించి రికార్డు చేయండి.