ఊఁ

కథా, నా మొదటి దండం నీ ‘అనగనగా’కి. ఏ ఊరో చెప్పవు, ఏ ఏడో చెప్పవు. ఆ ఒక్క మాటకే మా నులక మంచం నేల విడిచి లేచేది.

రెండో దండం ‘ఊఁ’కి. అమ్మమ్మ కథకి ఊఁ కొట్టేవాడొకడు ఉండాలి. కొట్టకపోతే కథ ఆగిపోయేది. రాకుమారుడు ఒక కాలు రికాబులో పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచి, మా ఊఁ కోసం అలాగే నిలబడిపోయేవాడు.

రెండు వేషాల్లో వచ్చావు మా ఇంటికి. పగలు విష్ణుశర్మవి, రాత్రి పేదరాశి పెద్దమ్మవి. 1947లో మొదలైన చందమామ ఆ ఇద్దరినీ ఒకే అట్ట కింద పడుకోబెట్టింది గానీ, మా ఇంట్లో మాత్రం ఎవరి వేళ వాళ్లదే.

పండితుడా, నీకు వందనం. చదువు వంటబట్టని ముగ్గురు రాజకుమారుల్ని ఆరు నెలల్లో దారికి తెస్తానని మాటిచ్చావు, నక్కల చేత రాజనీతి మాట్లాడించావు. నీ కరటక దమనకులు పహ్లవీ మీదుగా అరబ్బీ చేరి కలీలా, దిమ్నా అయ్యారు. ఎన్ని భాషలు దాటినా జిత్తులు మానలేదు. హితోపదేశంలో గోదావరి ఒడ్డున నువ్వు చూపించిన బూరుగు చెట్టు, 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో మా తెలుగులో వేళ్లూనింది. గోదావరి మాకు దగ్గరే. దారిలో ఏ బూరుగు చెట్టు కనిపించినా, కింద నూకలు చల్లి ఉన్నాయేమోనని వంగి చూసేవాణ్ణి.

బడిలో మాత్రం నీ చివర ఒక గీత గీయించి, ‘ఇందలి నీతి’ అని రాయించేవారు. రెండు మార్కులు. ఐకమత్యమే బలమని రాశాను, రెండూ వచ్చాయి. ఆ తర్వాత అన్నదమ్ముల వాటాల దగ్గర ఆ నీతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తున్నది వేరు. చిత్రగ్రీవుడి వెంట పావురాలన్నీ వలతో సహా లేచిన ఆ క్షణం. కింద బోయవాడి పరుగు. వరి మడి మీదుగా జారిపోయే వల నీడ. ఆ నీడ పుస్తకంలో లేదు, నేనే వేసుకున్నాను. అందుకే నా అనుమానం, నీ అంగవస్త్రం చాటున కూడా పెద్దమ్మే దాక్కుని ఉంటుందని.

పెద్దమ్మా! పరాయి నగరంలో రాకుమారుడు అడుగు పెట్టేసరికి పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచేదానివి. అంతఃపురంలో ఎవరు ఏడుస్తున్నారో నీకే తెలిసేది. నీ అసలు పేరు మాత్రం ఎవరూ అడగలేదు. మాయల ఫకీరు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో ఎందుకు దాచుకున్నాడో నువ్వు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఓసారి నిద్రమత్తులో అమ్మమ్మ మూడో సముద్రం దగ్గరే చిలకను పట్టేసింది. ‘మిగతా నాలుగో?’ అని లేచి కూర్చున్నాం. పాపం, మళ్లీ ఈదింది. ప్రాణం ఒంట్లోనే ఉండాలని ఏమీ లేదు కాబోలు. ఊరెళ్లిన అమ్మ కోసం వీధి గుమ్మం పట్టుకుని నిలబడ్డ సాయంత్రం నాకది తెలిసింది.

ఇక ఏడు చేపలు. ఎండని చేప గడ్డిమోపు మీద చెప్పింది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. చీమ మాత్రం ఎవరి మీదా చెప్పలేదు. తన పుట్టలో వేలు పెడితే కుట్టింది, అంతే. విష్ణుశర్మ అయితే ఇక్కడ ఎవరికో ఒకరికి బుద్ధి చెప్పేవాడు. అమ్మమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ గొడవలో చేపను ఎండబెట్టడం కూడా అందరూ మరిచిపోయారు. అది ఇప్పటికీ తడిగానే ఉంది.

ఊఁ పలచబడుతుంటే అమ్మమ్మ పరీక్ష పెట్టేది.

‘చీమ బస్సెక్కి రాజమండ్రి వెళ్లిందిరా.’

‘ఊఁ.’

‘చేప టికెట్టు తీసింది.’

‘ఊఁ.’

పొద్దున్నే అక్క ఇదంతా చెప్పి, ఇంటిల్లిపాదినీ నవ్వించేది. నేను పడుకున్నానట. మరి ఆ బస్సు కిటికీ పక్కన తడి తడిగా కూర్చున్న చేప నాకెలా గుర్తుందో!