జిరో లోయలో పాట వినాలంటే ముందు గుడారం వేయడం రావాలి

సంగీత కచేరీకి వెళ్లడం మనకు తెలిసిన పనే. టికెట్టు కొంటాం, కుర్చీలో కూర్చుంటాం, రెండు మూడు గంటలు విని, పార్కింగులో బండి వెతుక్కుని ఇంటిదారి పడతాం. అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరో లోయలో ఏటా సెప్టెంబరు చివర్లో జరిగే జిరో ఫెస్టివల్ ఆఫ్ మ్యూజిక్‌ దగ్గర ఈ లెక్క పనికిరాదు. నాలుగు రోజులు అక్కడి పచ్చిక మీదే గుడారం వేసుకుని ఉండాలి. వాన పడితే తడవాలి, బురదలో నడవాలి, చలికి ముడుచుకుని పడుకోవాలి, పొద్దున లేచి మళ్లీ పాట దగ్గరికి పోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లలో చాలామంది ఏ బ్యాండు ఏ పూట వాయిస్తుందో కంఠతా పట్టి వెళతారు. గుడారం సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. నా మాట వింటే ఈ రెండింటినీ తారుమారు చేయండి. ఎవరు పాడతారో తెలియకుండా వెళ్లినా నష్టం లేదు. గుడారం వేయడం రాకుండా వెళితే మాత్రం మొదటి రాత్రికే పండగ మీద విరక్తి పుడుతుంది.

పొలాల్లో మకాం వేసి పాటలు వినే ఈ ఆచారం లోకమంతా పాకడానికి కారణమైన రెండు పండగలకూ చోటిచ్చింది పాడి రైతులే. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్‌లో మాక్స్ యాస్గర్ పొలంలో వుడ్‌స్టాక్ జరిగింది. నాలుగు లక్షల పైచిలుకు జనం వచ్చారు. మరుసటి ఏడు, 1970 సెప్టెంబరులో, ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో మైకేల్ ఈవిస్ తన వర్దీ ఫామ్‌లో మొదలుపెట్టినదే ఇవాళ్టి గ్లాస్టన్‌బరీ. ఆ మొదటి ఏడు టికెట్టు ఒక పౌండు, పాలు ఉచితం. వుడ్‌స్టాక్ మొదటి రాత్రి మన రవిశంకర్ సితార్ వాయించింది వానలోనే. బురద, తడి, ఆరుబయట నిద్ర ఈ సంప్రదాయానికి పుట్టుకతో వచ్చినవే. 2012లో జిరోకి చెందిన బాబీ హానో, ఢిల్లీ బ్యాండు మెన్‌హూపాజ్ గిటారిస్టు అనూప్ కుట్టి కలిసి ఆ సంప్రదాయాన్ని ఆపతానీ అనే గిరిజన తెగ ఉండే ఈ లోయలోకి తెచ్చారు.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. భారతీయులైనా సరే అరుణాచల్‌లో అడుగు పెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేతిలో పండగ టికెట్టు ఉంటే చాలనుకుని బయల్దేరకండి. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకు గువాహతి చేరడం సులువు. అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నహర్లగున్‌లో దిగుతారు. ఇటానగర్ దగ్గర హోలోంగిలో 2022 నుంచి విమానాశ్రయం కూడా ఉంది. నహర్లగున్ నుంచి జిరోకి సుమారు వంద కిలోమీటర్లు. మైదానంలో వంద కిలోమీటర్లంటే రెండు గంటలు. ఈ కొండదారిలో షేర్ సుమో నాలుగు గంటలు తీసుకుంటుంది, వాన పడి మట్టి జారితే ఇంకా ఎక్కువ. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక పూట వెసులుబాటు పెట్టుకోండి.

ఆ వెసులుబాటు ఎందుకంటే, అక్కడ పొద్దు మన గడియారం మాట వినదు. దేశమంతటికీ ఒకటే టైము, జిరో ఏమో బాగా తూర్పున ఉంది. సెప్టెంబరు ఆఖరున హైదరాబాద్‌లో ఆరు దాటాక సూర్యుడు అస్తమిస్తే, జిరోలో ఐదుంపావుకల్లా కొండల వెనక్కి దిగిపోతాడు. సాయంత్రం నాలుగింటికి చేరి, టీ తాగి, గుడారం సంచీ విప్పేసరికి చీకటి పడిపోతుంది. చీకట్లో, చినుకుల్లో, సెల్‌ఫోన్ లైటు పళ్ల మధ్య పట్టుకుని గుడారం కడ్డీలు కలపడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. మధ్యాహ్నం రెండు లోపల చేరేలా చూసుకోండి.

ఇక అసలు విద్య. గుడారం ఎక్కడ వేస్తారన్నదే సగం పని. మెత్తగా, పచ్చగా, పరుపులా కనిపించే పల్లం ఊరిస్తుంది. వాన పడితే నీళ్లు చేరేదీ అక్కడికే. కాస్త మిట్టగా, కొద్దిగా వాలుగా ఉన్న చోటు చూసి, తల ఎత్తువైపు వచ్చేలా వేసుకోండి. గుడారం కింద పరిచే పట్టా అంచులు బయటికి కనిపించకూడదు. మొదటిసారి వేసేవాళ్లు ఎంత పెద్ద పట్టా పరిస్తే అంత రక్ష అనుకుంటారు. జరిగేది వేరు. గుడారం పైనుంచి జారిన నీరు బయటికి పొడుచుకొచ్చిన ఆ పట్టా మీద పడి, తిన్నగా మీ వీపు కిందికి చేరుతుంది. అంచుల్ని నాలుగువేళ్ల మేర లోపలికి మడిచేస్తే ఆ బాధ తప్పుతుంది.

మేకులు నిలువుగా దిగేయకండి. తల గుడారానికి అవతలివైపు వాలేలా ఏటవాలుగా దించితే, తాడు లాగేకొద్దీ పట్టు బిగుస్తుంది. పైకప్పు గుడ్డ, లోపలి గుడ్డ ఒకదానికొకటి తగలకూడదు. తగిలిన చోటల్లా తడి లోపలికి దిగుతుంది. అందుకే తాళ్లన్నీ బిగించి కట్టాలి, వాన తగ్గాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే తడిసిన గుడ్డ సాగుతుంది. చలేస్తోందని గాలి కంతలన్నీ మూసేస్తే మీ ఊపిరిలోని తేమే తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా మీ మీద రాలుతుంది, కాబట్టి పైన ఒక కంత తెరిచే ఉంచండి. ఇదంతా చదివి నేర్చుకునేది కాదు. బయల్దేరే ముందు మీ డాబా మీదో, ఇంటి వెనక ఖాళీ స్థలంలోనో కట్టి విప్పి చూడండి. ఆ తర్వాత ఒక బకెట్టు నీళ్లు పైన కుమ్మరించండి. ఎక్కడ కారుతుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

లోయ ఎత్తు సముద్రమట్టానికి సుమారు పదిహేను వందల మీటర్లు. పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి స్వెట్టరు చాలదు. మనవాళ్లు దుప్పట్ల మీద దుప్పట్లు మోసుకెళతారు కానీ చలి వచ్చేది పైనుంచి కంటే కింద నేల నుంచే ఎక్కువ. ఒక దుప్పటి తగ్గించి, వీపు కిందికి మంచి ఫోమ్ చాప తీసుకెళ్లండి. పడుకునేటప్పుడు వేసుకునే సాక్సు జత ఒకటి ప్లాస్టిక్ సంచీలో కట్టి పెట్టుకోండి, ఏం జరిగినా దాన్ని పగలు తీయకండి. కాళ్లు పొడిగా ఉంటే నిద్ర పడుతుంది, నిద్ర పడితే మర్నాడు పాట చెవికెక్కుతుంది. కాళ్లకి గమ్ బూట్లే శరణ్యం. కొత్త తెల్లబూట్లతో వచ్చినవాళ్లంతా మొదటి వాన తర్వాత జిరో బజారులో గమ్ బూట్ల కోసం వెతుక్కునేవాళ్లే.

ఇంత శ్రమ ఎందుకు, బస చూసుకుని రోజూ వచ్చి పోతే సరిపోదా అంటారు కొందరు. జిరోలో హోమ్‌స్టేలు ఉన్నాయి, పెద్దవాళ్లకీ పిల్లలతో వెళ్లేవాళ్లకీ అవే మేలు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు మాత్రం గుడారంలోనే ఉండాలంటాను. బసకి వెనక్కి వెళ్లే మనిషి మనసులో ఎప్పుడూ ఒక గడియారం నడుస్తుంటుంది, చివరి బండి ఎప్పుడా అని. గుడారంలో ఉన్నవాడికి ఆ తొందర లేదు. తను పేరు వినని భాషలో ఎవరో పాడుతుంటే కూర్చుని పూర్తిగా వింటాడు. పక్క గుడారంవాళ్లు మిజోరం నుంచో మేఘాలయ నుంచో వచ్చినవాళ్లయితే, రాత్రి వేదిక ఆగిపోయాక అసలు పాటలు అక్కడ మొదలవుతాయి. సంగీతాన్ని నిడివి చూసుకోకుండా వినే అవకాశం మన నగర జీవితంలో దాదాపు పోయింది. ఈ పండగ దాన్ని తిరిగి ఇస్తుంది. దీని విలువంతా నాకు అందులోనే కనిపిస్తుంది.

వేదికలు రెండు. పగటి పాటలకు దాన్యి, రాత్రి పాటలకు పీలో. ఆపతానీలు కొలిచే సూర్యచంద్రుల పేర్లు అవి. వేదికల్ని కట్టింది ఎక్కువగా వెదురుతో, కట్టింది అక్కడి పనివాళ్లే. దగ్గరికెళ్లి చూడాల్సిన పనితనం. బద్దలు చీల్చి, పక్కపక్కన పేర్చి, అల్లి కట్టిన ఆ కూర్పు దూరానికి అలంకారంలా కనిపిస్తుంది కానీ బరువు మోసేది అదే. ఆపతానీలు వెదురు కోసం అడవి మీద పడరు. ఇళ్ల దగ్గరే దడులు కట్టి వెదురుతోటలు పెంచుతారు. బీజె అని వాళ్లు పిలిచే రకం ఇంటి నిర్మాణానికి, కంచెలకు, బుట్టలకు పనికొస్తుంది. పండగ వేదిక ఆ ఇంటిపనికి కొనసాగింపే. ఇనుప కడ్డీల మీద ఫ్లెక్సీలు కట్టి పాడించే మన కార్యక్రమాల నిర్వాహకులు ఒకసారి వచ్చి ఇది చూస్తే బాగుండును.

వేదిక చుట్టూ ఉన్నది వరి. సెప్టెంబరు చివరికి చేలు పసుపుతిరిగి కోతకు దగ్గరపడుతుంటాయి. మడుల్లో వరితోపాటే చేపలు పెంచుతారు, గట్ల మీద చిరుధాన్యాలు వేస్తారు. నాగలి లేకుండా, పశువులతో దున్నకుండా, చేతి పనిముట్లతో సాగే వ్యవసాయం ఇది. దీనిమీద మొదట వివరంగా రాసిన వాళ్లలో ఒకరు మన తెలంగాణకు బాగా తెలిసిన మనిషే, క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల మధ్య పనిచేసిన ఆయన 1944లో ఈ లోయకు వచ్చారు, ఆపతానీల గురించి 1962లో పుస్తకం ప్రచురించారు. ఆయన భార్య బెట్టీ సమాధి ఆ గోండుల ఊరు మార్లవాయిలో ఉంది. మార్లవాయి, జిరో ఒకే మనిషి జీవితంలో ఇంత దగ్గరగా కలిశాయని తెలిసి వెళితే, ఆ లోయ తెలుగువాళ్లకు మరీ పరాయిదిగా అనిపించదు.

ఆ చేలగట్లు నడిచే బాటలు కూడా. గుంపుగా కాకుండా ఒకరి వెనక ఒకరు నడవండి, గట్టు తెగితే మడిలో నీరూ పోతుంది, చేపలూ పోతాయి. ఊళ్లలో ముక్కుకి నల్లటి బిళ్లలు, ముఖాన పచ్చబొట్టు ఉన్న ముసలమ్మలు కనిపిస్తారు. 1970ల తర్వాత ఆ ఆచారం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడున్నవాళ్లే చివరితరం. కెమెరా ఎత్తేముందు అడగండి, వద్దంటే దించేయండి. పండగకు వచ్చినవాళ్ల మీద లోయ ప్రజల అభిప్రాయం ఇలాంటి చిన్న విషయాల మీదే ఆధారపడి ఉంటుంది.

తిండికి లోటుండదు. ఆపతానీ ఆడవాళ్లు నడిపే అంగళ్లలో అన్నం, వెదురు చిగుళ్లతో వండిన పందిమాంసం, పొగబెట్టిన మాంసం వేడివేడిగా దొరుకుతాయి. మొక్కల బూడిదతో చేసే తప్యో అనే ఉప్పు అక్కడి ప్రత్యేకత, తప్పకుండా రుచి చూడండి. శాకాహారులు మాత్రం కాస్త పొడి, కాస్త పచ్చడి వెంట పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటారు. ఆపొంగ్ అనే బియ్యపు కల్లు తియ్యగా, చల్లగా గొంతు దిగుతుంది. తాగడం మొదలుపెట్టినప్పుడు తెలియదు, లేచినప్పుడు తెలుస్తుంది. గుడారానికి దారి గుర్తున్నంతవరకే తాగండి. ఫోన్ సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, నగదు జిరో పట్టణంలోని హపోలీ బజారులోనే తీసుకుని పెట్టుకోండి. నీళ్ల సీసా ఇంటినుంచే తెచ్చుకుని నింపుకుంటే లోయలో ఒక ప్లాస్టిక్ సీసా తగ్గుతుంది. మీ చెత్త మీ సంచీలోనే తిరుగుప్రయాణం చేయాలి.

చివరి రాత్రి పాట ఆగగానే తెల్లారుజామున సుమో పట్టుకుని దిగిపోయేవాళ్లే ఎక్కువ. మీరు ఒక్కరోజు ఆగండి. గుడారం విప్పి, మేకులు లెక్కపెట్టుకుని, పచ్చిక మీద మీ గుర్తేదీ మిగల్లేదని చూసుకుని, ఒక హోమ్‌స్టేలో దిగండి. హోంగ్, హరి ఊళ్ల వీధుల్లో నడవండి, ఆ చేల మధ్య బతికే మనుషులతో కూర్చుని మాట్లాడండి. మనకు నాలుగు రోజులు చోటిచ్చిన ఊరికి ఒక్క పూటైనా ఇవ్వకుండా రావద్దు.