అర్ధనారీశ్వరుని తొడుగు: ఆరాధనకును ఆదరణకును నడుమ

కళావిమర్శకులు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. ఒక కళ దేనిని చూపుచున్నది అనునది మొదటిది. దానిని ఎట్లు చూపుచున్నది అనునది రెండవది. మతముతో పెనవేసికొనిన కళల విషయమున మూడవ ప్రశ్న కూడ వేయవలసియున్నది. ఆ కళ తాను చూపినదానిని ఎంతవరకు ఒప్పుకొనుచున్నది?

స్త్రీపురుష భేదమును దాటిన దైవములు, భక్తులు, వేషధారులు మన దేశమున కొల్లలు. అర్ధనారీశ్వరుని, మోహినిని, బృహన్నలను ఎరుగని తెలుగువాడు లేడు. వీరిని సాక్ష్యముగా చూపి, ఆ భేదమునకు లొంగని మనుష్యులను భారతదేశము అనాదినుండియు గౌరవించినదని కొందరు వాదింతురు. అవి వట్టి సంకేతములనియు, మనుష్యుల బ్రతుకుతో వానికి పొత్తు లేదనియు మరికొందరు త్రోసివేయుదురు. ఈ రెండు వాదములలో ఏది ఎంతవరకు నిలుచునో తేల్చుటకు సరాయికేలా ఛౌ నృత్యము మంచి గీటురాయి.

జంషెడ్‌పూర్ నగరమునుండి ఖర్కాయ్ నది దాటి ఆదిత్యపూర్ మీదుగా పడమరకు సాగినచో, సుమారు 40 కిలోమీటర్ల దూరమున సరాయికేలా పట్టణము వచ్చును. దారికి ఈ కొసన ఉక్కు కొలుములు, ఆ కొసన రాజప్రాసాదము. టాటావారి ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడినది. సాక్చీ గ్రామమున వెలసిన ఊరికి 1919లో జంషెడ్‌పూర్ అను పేరు వచ్చినది. కర్మాగారపు పనికై వచ్చి స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబములు అనేకము కలవు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము వారి ఉనికికి గుర్తు. ఒడియా, బెంగాలీ, హిందీ, తెలుగు, సంతాలీ, హో భాషలు వినవచ్చు ఈ సీమలో, ఏ భాషయు పలుకని నృత్యము ఛౌ. అందువలన అది ఎవరికిని పరాయిది కాదు.

ఛౌ మూడు విధములు: సరాయికేలా, మయూర్‌భంజ్, పురూలియా. మయూర్‌భంజ్ నర్తకులు ముఖమునకు తొడుగు ధరింపరు. తక్కిన ఇరువురును ధరింతురు. 2010లో యునెస్కో సంస్థ ఈ కళను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. సరాయికేలా సంప్రదాయమునకు రాజకుటుంబము పోషకమే కాదు, ఆ కుటుంబపు కుమారులు తామే గజ్జె కట్టిరి. కుమార్ విజయ ప్రతాప్ సింగ్ దేవ్ దానికి నేటి రూపమును దిద్దెను. 1938లో ఈ బృందము ఐరోపాకు వెళ్లి ప్రదర్శనలిచ్చెను. చైత్రమాసమున శివశక్తులను ఉద్దేశించి జరుగు చైత్రపర్వమే ఈ నృత్యమునకు పుట్టినిల్లు.

ఈ కళ పునాదిలోనే ఒక విశేషము కలదు. నర్తకుడు మొదట కత్తి డాలు పట్టి సాధన చేయును. అది యుద్ధవిద్య, పురుషుల విద్య. పిమ్మట అతడు నేర్చుకొను అడుగులలో పక్షుల నడకలు, జంతువుల నడకలు మాత్రమే కాక, పల్లెయింటి ఇల్లాలి దినచర్యనుండి గ్రహించిన కదలికలు కూడ ఉండును. ఆవుపేడ కలుపుట వంటి ఇంటిపనులు ఛౌ నృత్యమున పాదములకు ఎక్కినవి. కత్తి పట్టిన దేహమే ఆ పని నేర్చుకొనవలెను. ఇంతకాలము ఈ విద్యను నేర్చినవారు మగవారే. కావున స్త్రీపాత్ర దాల్చుట వారికి పైపై వేషము కాదు. అది సాధనలోనే ఇమిడియున్నది.

ముఖపు తొడుగు ఈ విశేషమును మరింత దృఢపరచును. నదీతీరపు మట్టితో అచ్చు చేసి, దానిపై కాగితము, గుడ్డ పొరలుగా అంటించి, రంగు వేసి తయారుచేయు ఆ తొడుగున ఒకే భావము ఉండును. కనులు అరమూతలు, పెదవులు ప్రశాంతములు. తొడుగు వెనుక ఊపిరి తీయుట కష్టమగుటచే ఒక్కొక్క నృత్యము కొద్ది నిమిషములలోనే ముగియును. ముఖము కదలదు గనుక దుఃఖమును మెడ వంపు చెప్పవలెను, భయమును పాదము చెప్పవలెను.

సరాయికేలా నృత్యములలో ప్రసిద్ధమైన అర్ధనారీశ్వరమును చూడుడు. తొడుగులో సగము శివుడు, సగము పార్వతి. ఒకే దేహము ఒకమారు తాండవమునకు, ఒకమారు లాస్యమునకు ఒదుగును. ఇది భేదమును దాటిన రూపమని తొలిచూపున తోచును. నిదానించి చూచినచో వేరొకటి తెలియును. నడుమనున్న గీత ఎన్నడును చెరగదు. కుడి కుడిగానే, ఎడమ ఎడమగానే నిలుచును. ఈ రూపము స్త్రీపురుషుల జంటను ఒక దేహమున నిలిపినదే కాని, జంటలో ఇమడని వానిని గూర్చి ఏమియు చెప్పుటలేదు. దాంపత్యమునకు ఇంతకంటె ఘనమైన సంకేతము లేదు. కావుననే గృహస్థులందరును దీనికి నిశ్చింతగా నమస్కరింపగలుగుదురు. పూర్వకాలపు సమ్మతికి ఈ మూర్తిని సాక్ష్యముగా తెచ్చువారు ఈ గీతను గమనింపలేదనవలెను.

ఆ సాక్ష్యము మరియొక చోట దొరకును. చంద్రభాగ అను నృత్యమున కథ స్వల్పము. సూర్యుడు ఒక ముని కన్యను మోహించి వెంటాడును. ఆమె సముద్రమున పడి ప్రాణము విడుచును. సంప్రదాయానుసారముగా ఆ కన్యయు పురుషుడే. ఇచట సగములు లేవు, గీత లేదు. సభలోనివారు స్త్రీవేషమును గాని, దాని వెనుక మగవానిని గాని తలపోయరు. పారిపోవు ఒక ప్రాణమును మాత్రమే చూతురు. అర్ధనారీశ్వరము భేదమును పూజించుచున్నది. చంద్రభాగ, అట్టి ఉద్దేశము లేకయే, భేదమును మరపించుచున్నది. కళాదృష్టితో చూచినచో రెండవదే గొప్ప సిద్ధి.

తెలుగువారికి ఇట్టి అనుభవము క్రొత్తది కాదు. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబములలోని మగవారు తరతరములుగా భామాకలాపమున సత్యభామ వేషము దాల్చిరి. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) ఆ పాత్రకు పెట్టినది పేరు. 1970లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. అయితే కూచిపూడికిని ఛౌకును ఒక భేదము కలదు. సత్యభామకు ముఖమే సర్వస్వము. ఆ కనుబొమ, ఆ ఓరచూపు, తెర మీదుగా వేసిన ఆ జడ మగవానివని ప్రేక్షకుడు క్షణక్షణము ఎరిగియే ఆనందించును. ఛౌలో ఆ ఎరుక తొడుగుతోపాటు మాసిపోవును.

కూచిపూడి చరిత్ర మరియొక పాఠము నేర్పుచున్నది. భామాకలాపమును గోదావరీ తీరమున కలావంతుల స్త్రీలు కూడ ఆడిరి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టముతో వారి సంప్రదాయ జీవనము కూలినది. స్త్రీవేషము దాల్చిన పురుషునికి గౌరవము, అదే పాత్రను ఆడిన స్త్రీకి అపవాదు! గౌరవము ఆటకు దక్కలేదు. ఆడినవాని పుట్టుకకు దక్కినది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈ రహస్యము మరింత తేటపడును. ఏటేట మే నెలలో జరుగు ఆ జాతరలో మగవారు మ్రొక్కు చెల్లించుటకు చీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి అమ్మవారి గుడికి పోవుదురు. ఆడువారిని చెరచిన పాలెగానిని సంహరించుటకు అమ్మ వేషములు మార్చినదని కథ. ఆ కొన్ని దినములు ఊరిలో స్త్రీత్వమే బలము, పురుషత్వమే దానికి తలవంచవలసినది. తల్లులు, భార్యలు, చెల్లెండ్రు తమ మగవారికి స్వయముగా బొట్టు పెట్టి సాగనంపుదురు. జాతర ముగియును. చీర మడతపెట్టబడును. మగవాడు మరల మగవాడగును. ఆ చీరను విప్పనొల్లని వానికి, విప్పలేని వానికి, ఆ వీధి మరునాడు ఏ చోటు చూపుచున్నది?

అసలు ప్రశ్న ఇదియే. దానికి చట్టము చాలకాలము కఠినమైన సమాధానమిచ్చినది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టమున రెండవ భాగము హిజ్రాలను ఉద్దేశించినది. పట్టికలోనికి ఎక్కిన వ్యక్తి స్త్రీవేషముతో వీధిలో కనబడినను, బహిరంగముగా నాట్యమాడినను, వాద్యము వాయించినను శిక్షార్హుడు. ఆ చట్టము ముఖ్యముగా ఉత్తర హిందూస్థానమున అమలైనది. అదే మాదిరిగా నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, మరియొక చట్టము వచ్చినది. నిజాము పాలన అంతరించినను ఆ చట్టము అంతరింపలేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయునంతవరకు అది గ్రంథమున నిలిచియుండెను. మగవాడు చీర కట్టి ఆడుట రాజుగారి ముంగిట కళ, అమ్మవారి ముంగిట మ్రొక్కు, బాటమీద నేరము! ఆ బాటమీది మనిషికి విప్పుటకు తొడుగు లేకుండుటయే అతని నేరము.

ఈ ద్వంద్వనీతి భారతీయులది మాత్రమే అనుకొనుట పొరపాటు. క్రీస్తుపూర్వము 204లో రోమునగరము సిబెలీ మాతను ఆసియా మైనరునుండి సగౌరవముగా తెప్పించుకొనినది. కాని ఆమె పూజారులైన గల్లీలు పుంస్త్వమును విడిచినవారు, స్త్రీవేషధారులు. రోమను పౌరుడు ఆ పౌరోహిత్యము స్వీకరించుటను శాసనము నిషేధించినది. దేవత కావలెను, ఆమె పూజారివలె బ్రతుకుట కూడదు. ఇండోనేషియాలోని సులావేసీ ద్వీపమున బుగిస్ జాతివారి బిస్సు పూజారులు స్త్రీయు పురుషుడును కలిసినవారుగా భావింపబడి, రాజచిహ్నములకు రక్షకులై యుండిరి. రాజరికము తొలగి, 1950–65 నడుమ మతపరమైన తిరుగుబాటు సాగినపుడు వారు హింసకు గురియైరి. రోమున శాసనము అడ్డుపడినది. సులావేసీలో రాజుగారి నీడ తొలగినది. ఎచటనైనను పవిత్రత ఇచ్చిన రక్షణ, ఇచ్చువాని బలమునకు లోబడి యుండినది.

మన న్యాయస్థానములు ఈ చరిత్రను తడవకపోలేదు. 2014 ఏప్రిల్ 15న సర్వోన్నత న్యాయస్థానము ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించిన తీర్పులో రామాయణపు హిజ్రాల కథను, అరవానుని కథను స్మరించినది. 2018 సెప్టెంబరు 6న, ఇష్టపూర్వకమైన స్వలింగ ప్రేమ నేరము కాదని 377వ సెక్షను విషయమున తీర్పు వెలువడినది. పురాణము ఇచట సాక్షిగా నిలిచినది, న్యాయాధిపతిగా కాదు. తీర్పులకు ఆధారము రాజ్యాంగము. ఈ తారతమ్యము మరువరానిది. పురాణమున ప్రమాణము దొరకినందున ఒకని హక్కు సిద్ధించినచో, ప్రమాణము దొరకని మరియొకని గతి ఏమి?

అట్లని ఆ కథలును ఆ నృత్యములును వ్యర్థములని కొట్టివేయుటయు అవివేకమే. లోకము తనను తప్పుగా పుట్టినదానిగా చూచుచున్నదని కుమిలెడి ఒక బాలునికి, తనవంటి కదలికయే దేవుని యెదుట నమస్కారమునకు నోచుకొనినదని తెలియుట సామాన్యమైన ఊరట కాదు. చట్టము అతనిని శిక్షనుండి తప్పింపగలదు, సిగ్గునుండి తప్పింపలేదు. ఆ పని కళ చేయగలదు, భక్తి చేయగలదు. అయితే అవి చేయదగిన పని అంతటితో ముగియునని అనుకొనరాదు.

ఈ సందర్భమున ఖర్కాయ్ నదికి ఇవతలి ఒడ్డును కూడ చూడవలెను. 2021లో జంషెడ్‌పూరునకు పేరు తెచ్చిన ఆ ఉక్కు కంపెనీయే జార్ఖండ్‌లోని తన వెస్ట్ బొకారో గనులలో భారీ యంత్రములు నడుపుటకు 14 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను శిక్షణకు తీసికొనినది. ఆ సంఖ్య చిన్నది. దానియందు కవిత్వము లేదు, ధూపదీపములు లేవు. అది పర్వదినపు గౌరవము కాదు, పనిదినపు గౌరవము. వారు యంత్రమునెక్కునపుడు శిరస్త్రాణము ధరింతురు. దిగి దానిని తీసిన తరువాత కూడ వారు వారే.

ఛౌ నృత్యమునకు ఇది లోటు చెప్పుట కాదు. కళ జీతమిచ్చునది కాదు, ఇవ్వవలసిన అగత్యమును లేదు. కాని దానిని మెచ్చువారిమీద ఒక బాధ్యత కలదు. నేడు ఛౌను స్త్రీలు కూడ అభ్యసించుచున్నారు. మగవారికి మాత్రమే దక్కిన తొడుగు ఆడువారికి దక్కగా లేనిది, ఈ రెండు మాటలలో ఇమడని వారికి దక్కుటకు అడ్డేమి? చంద్రభాగ పాత్రను అట్టి వ్యక్తి ఒకరు ధరించినపుడు సభ ఇప్పటివలె మైమరచి చూచునా? నృత్యము ముగిసి తొడుగు తీసిన పిమ్మట, చెమటతో తడిసిన ఆ ముఖమును చూచి చప్పట్లు కొట్టునా? ఆ చప్పట్లు వినబడిన నాడు సరాయికేలా ముంగిట మ్రోగు నగారాకు పూర్తి అర్థము సిద్ధించును. అంతవరకు అర్ధనారీశ్వరుని యెదుట జోడించిన చేతులు, ఆ దేవుని పోలిన మనిషి ఎదురైనపుడు ఏమి చేయుచున్నవో ఎవరికి వారు పరిశీలించుకొనవలసియున్నది.