సీమ చీకట్లో నక్షత్రాల ఫొటోలు

నక్షత్రాలను ఫొటో తీయాలంటే కెమెరా తనంతట తాను చేసే పనులన్నీ మనిషి చేతుల్లోకి తీసుకోవాలి. చీకట్లో ఆటోఫోకస్ లెన్స్‌ను ముందుకీ వెనక్కీ తిప్పి, దేన్నీ పట్టుకోలేక ఆగిపోతుంది. అందుకే కొత్త కెమెరా కొన్నవారు మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ, టైమర్ బటన్లను ముందుగా ఇంట్లోనే దీపాలార్పి తడుముతూ అలవాటు చేసుకోవాలి. గండికోట లోయ అంచున నిలబడి మెనూలు వెతుక్కోవడం ప్రమాదం. నిలబడే చోటును కూడా పగలే చూసిపెట్టుకోవాలి.

వానలు తక్కువైన కర్నూలు, కడప నేల ఈ విద్యకు ఎంతో అనువైనది. గండికోట సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక దక్షిణాకాశం బాగా కనిపిస్తుంది. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో అగస్త్య నక్షత్రం, మే నెలలో అదే వేళకు త్రిశంకు మండలం దక్షిణ దిక్కున ఉంటాయి. ధనుస్సు, వృశ్చిక రాశుల వైపున్న పాలపుంత నడిబొడ్డు మార్చిలో తెల్లవారుజామున, మే నెలలో అర్ధరాత్రి దాటాక దాదాపు 45 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులే ఎంచుకోవాలి.

కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, స్టెబిలైజేషన్ ఆపి, ఫైలును రా ఫార్మాట్‌లో పెట్టాలి. అపర్చర్ పూర్తిగా తెరవాలి. మామూలు 18-55 లెన్స్‌కు 18 మి.మీ. వద్ద అది ఎఫ్ 3.5. ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి 3200 దాకా వెళ్లవచ్చు.

అసలు కష్టం ఫోకస్. లెన్స్ మీది ఇన్ఫినిటీ గుర్తును నమ్మకూడదు. లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి చూస్తూ ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. చుక్క చిన్నదవుతూ వస్తుంది. ఇంకాస్త తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. అన్నిటికంటే చిన్నగా కనిపించిన చోటికి వెనక్కి వచ్చి, రింగుకు టేపు అంటించాలి. ఎండకు కాగిన లెన్స్ రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ జరగవచ్చు, మధ్యమధ్య సరిచూసుకోవాలి.

భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లో తెలుస్తుంది. చిన్న సెన్సర్ అయితే 18ని ముందు 1.5తో హెచ్చించాలి, అప్పుడు సుమారు 18 సెకన్లు వస్తాయి. పిక్సెళ్లు ఎక్కువున్న నేటి కెమెరాలకు పది పన్నెండు సెకన్లే మేలు. హైదరాబాద్ నిజామియా వేధశాల గత శతాబ్దం తొలినాళ్లలో ‘కార్ట్ డు సియెల్’ అనే అంతర్జాతీయ పథకం కోసం ఆకాశాన్ని గాజు పలకల మీద చిత్రించింది. అక్కడ టెలిస్కోపే చుక్కలను అనుసరిస్తూ కదిలేది. ట్రైపాడ్‌కు ఆ వసతి లేదు.

చీకట్లో తెర మీది బొమ్మ ఉన్నదానికంటే వెలుగుగా అనిపిస్తుంది; హిస్టోగ్రామే సరైన కొలత. ఓర్వకల్లు రాళ్ల దగ్గర తీసిన ఫొటోలో వాయవ్యాన కర్నూలు వెలుగు పసుపుగా పాకుతుంది. ఆ వెలుగు పెరిగే కొద్దీ పాలపుంత మసకబారుతుంది. వీధిదీపాల వెలుగు కిందికే పడేలా మూతలు పెట్టించమని పంచాయతీని అడగడం కూడా ఈ విద్య నేర్చినవారి బాధ్యతే.