తలుపు తీసినవాళ్ళ తప్పేమిటి?

మన పురాణాల్లో ప్రళయం వస్తే కథ చాలా తొందరగా నడిచిపోతుంది. సముద్రాలు పొంగుతాయి, లోకాలన్నీ మునిగిపోతాయి, మర్రాకు మీద బాలకృష్ణుడు కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని తేలుతూ ఉంటాడు. కళ్ళు మూసి తెరిచేసరికి మళ్ళీ సృష్టి మొదలు. ఆ మధ్యలో ఎవరేం తిన్నారు, ఎక్కడ తలదాచుకున్నారు, పసివాళ్ళకు పాలెవరు పట్టారు - ఈ గొడవలేవీ పౌరాణికుడు పెట్టుకోడు.

ఇంగ్లీషు నవలాకారులు సరిగ్గా ఆ మధ్యకాలాన్నే పట్టుకున్నారు. అణుబాంబు పడో, మహమ్మారి వచ్చో, పంటలు చచ్చిపోయో లోకం తల్లకిందులైపోయింది. ప్రభుత్వం లేదు, పోలీసు లేడు, కొట్లో గింజ లేదు. మిగిలిన పిడికెడు మంది ఎలా బతికారన్నదే కథ. ఈ బాపతు నవలలూ, సీరియల్సూ ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. మన పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా కళ్ళార్పకుండా చూసేవాటిలో ఇవీ ఉన్నాయి.

వీటిలో చాలావాటిలో ఒక ఘట్టం తప్పకుండా ఉంటుంది. ఎదురుగా ఎవరో కొత్త మనిషి. మంచివాడో చెడ్డవాడో తెలీదు. వాడు మనల్ని చంపకముందే మనం వాణ్ణి చంపెయ్యాలా, వద్దా? కథానాయకుడు గుండె రాయి చేసుకుని తుపాకి పేలుస్తాడు. పక్కనున్నవాళ్ళు 'తప్పదు మరి' అంటారు. చదివే మనమూ తలూపేస్తాం. ఆ తలూపడం దగ్గరే నాకు పేచీ.

ఈ పేచీ తేల్చుకోవడానికి 1956లో అచ్చయిన 'ది డెత్ ఆఫ్ గ్రాస్' చదవాలి. రాసింది జాన్ క్రిస్టఫర్. అది కలం పేరు, అసలు పేరు శామ్ యూడ్. అమెరికాలో ఈ నవల 'నో బ్లేడ్ ఆఫ్ గ్రాస్' అనే పేరుతో వచ్చింది. 1970లో సినిమా కూడా తీశారు. గడ్డి చచ్చిపోతే మనకేం అనిపిస్తుంది, పేరు చూడగానే. కానీ వరీ, గోధుమా, జొన్నా, రాగీ అన్నీ గడ్డి జాతి మొక్కలే కదా! పశువులు మేసేదీ గడ్డే. అంటే అన్నం, రొట్టె, పాలు, మాంసం - అన్నింటికీ ఒకేసారి ఎసరొచ్చిందన్నమాట.

మొదట చైనాలో వరికి వైరస్ సోకుతుంది. ఆసియా అంతా ఆకలితో అల్లాడిపోతుంటే లండన్ వాళ్ళు వార్తలు విని అయ్యో పాపం అనుకుంటారు. మన ఇంగ్లండులో ఇలాంటివి జరుగుతాయా అని ధీమా. ఆ వైరస్ రూపు మార్చుకుని గోధుమనీ పచ్చికనీ కూడా మింగడం మొదలెట్టాక ధీమా ఎగిరిపోతుంది. తిండికి మించి ఉన్న జనాన్ని తగ్గించడానికి నగరాల మీద బాంబులు వెయ్యాలని స్వయంగా ప్రభుత్వమే ఆలోచిస్తోందని ఒక మిత్రుడి ద్వారా తెలుస్తుంది జాన్ కస్టన్స్ అనే ఇంజనీరుకి. ముందుదెబ్బ తియ్యడం ఎవరో దొంగలతో కాదు, ఏలినవారితోనే మొదలైంది చూడండి. జాన్ తోడబుట్టిన డేవిడ్‌కి ఉత్తరాన కొండల మధ్య ఒక లోయలో పొలం ఉంది. అక్కడికి చేరితే బతుకుతాం. భార్య యాన్‌నీ, పిల్లల్నీ, స్నేహితుడి కుటుంబాన్నీ వెంటబెట్టుకుని బయల్దేరతాడు. తుపాకులమ్మే పిర్రీ అనే పెద్దమనిషి కూడా జతపడతాడు. మర్యాదగా మాట్లాడతాడు, గురి తప్పడు.

దారి కాపలా కాసే సైనికుల్ని కాల్చడంతో మొదలవుతుంది. సరే, వాళ్ళు అడ్డుపడ్డారు అనుకుందాం. తరవాత దుండగులు యాన్‌నీ, చిన్నపిల్ల మేరీనీ ఎత్తుకుపోయి అఘాయిత్యం చేస్తారు. వాళ్ళని చంపినప్పుడు ఏ తల్లీ తప్పు పట్టదు. నేనూ పట్టను. అసలు పరీక్ష ఆ తరవాత వస్తుంది. కార్లు పోయాయి, కాలినడక, పిల్లలకు ఆకలి. ఎదురుగా ఒంటరిగా ఒక రైతు ఇల్లు. అడిగితే ఇవ్వరు, వాళ్ళకీ తుపాకి ఉండే ఉంటుంది. కాబట్టి అడగడమెందుకు? ఇల్లుగలాయన్నీ ఆయన భార్యనీ చంపేసి తిండి తీసుకుంటారు. ఆ ఇంటి పిల్ల జేన్ ఒక్కతే మిగులుతుంది. తల్లిదండ్రుల్ని చంపినవాళ్ళ వెనకే నడిచిపోతుంది పాపం, ఇంకెక్కడికి పోతుంది?

ఆ రైతు దంపతులు చేసిన తప్పేమిటి? తలుపు తియ్యడం. అంతే!

'ఏం, వాళ్ళు మాత్రం చంపేవాళ్ళు కాదా?' అనొచ్చు. ఏమో, చంపేవాళ్ళేమో. ఒక రొట్టె ఇచ్చి పంపేవాళ్ళేమో. అది ఇక ఎప్పటికీ తెలీదు. క్రిస్టఫర్ నిజాయితీ ఇక్కడే ఉంది. చవకబారు కథలో అయితే ఆ రైతు ఇంట్లో నాలుగు శవాలు కనిపించేవి, వీడు ఎటూ దుర్మార్గుడే అని పాఠకుడు గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. కథానాయకుడు చీకట్లో రాయి విసురుతాడు, రచయిత వెనకాల నుంచి దీపం పట్టుకొచ్చి 'చూశారా, పామే!' అంటాడు. నిజం జీవితంలో ఆ దీపం ఎవరూ పట్టరు. ముంగిస మూతికున్న నెత్తురు చూసి బిడ్డనే కరిచిందనుకుని చంపేసిన తల్లి కథ మనకు చిన్నప్పుడే చెప్పారు. పాము చచ్చి పడి ఉందని ఆ తల్లికి తరవాత కదా తెలిసింది!

ఒకవేళ ముందే తెలిసిందనుకుందాం. అప్పుడైనా న్యాయమేనా? కంసుడికి సాక్షాత్తూ ఆకాశవాణే చెప్పింది, దేవకి అష్టమ గర్భం చేతిలో నీకు చావని. అంత గట్టి సమాచారం ఏ నవలలో కథానాయకుడికీ దొరకదు. అయినా పొత్తిళ్ళలో బిడ్డల్ని చంపినందుకు కంసుణ్ణి ముందుచూపున్నవాడని ఏ అమ్మమ్మా మెచ్చుకోలేదు. చెయ్యబోయే నేరానికి ఇప్పుడే శిక్ష వేస్తే, ఆ శిక్ష పడిన క్షణాన అవతలివాడు నిరపరాధే.

నవల చివర ఇంకా గట్టిగా ఉంటుంది. జాన్ లోయ ముఖద్వారం చేరేసరికి దారి మూసేసి తుపాకులతో కాపలా ఉంది. డేవిడ్ వచ్చి, నిన్నూ నీ కుటుంబాన్నీ అయితే రానిస్తాం, ఈ మందనంతా పోషించే శక్తి లోయకు లేదు అంటాడు. రైతు ఇంటి ముందు తను వేసిన లెక్కే ఇప్పుడు తన మొహం మీదికి వచ్చింది. జాన్ తనవాళ్ళతో కలిసి లోయ మీద దాడి చేస్తాడు. పిర్రీ చచ్చిపోతాడు. డేవిడ్ కూడా. ఎవరి ఆసరా కోసం ఇంత దూరం, ఇన్ని హత్యలు దాటుకుంటూ వచ్చాడో ఆ తోడబుట్టినవాడే లేడు. పొలం మాత్రం దక్కింది. బైబిల్లో కయీనూ హేబెలూ గుర్తుకు రాక మానరు.

ఈ నవల చదివి, లోకం అలా ఉంటుంది, మనమూ అలా ఉండాలి అని పాఠం తీసేవాళ్ళున్నారు. నాకలా తోచదు. ఇది ఖర్చుల పద్దు. ఒక్కొక్క చావుకీ ఏం చెల్లించారో పైసాతో సహా రాసిన పద్దు.

టెలివిజన్లో 2010 నుంచి 2022 దాకా నడిచిన 'ది వాకింగ్ డెడ్' చాలామందికి తెలుసు. నడిచే శవాల సంగతి వదిలెయ్యండి, అందులో అసలు భయం బతికున్న మనుషులతోనే. 2016లో వచ్చిన ఒక భాగంలో రిక్ అనే నాయకుడి బృందం పక్క ఊరివాళ్ళతో బేరం కుదుర్చుకుంటుంది. మీ ఊరిని పీడించే ముఠాని మేం చంపేస్తాం, మీ తిండిలో సగం మాకివ్వండి. బేరమాడింది మ్యాగీ, గర్భవతి. ఆడవాళ్ళయితే ఇలాంటి పనులు చెయ్యరు అని మనం మురిసిపోవడానికేం వీల్లేదు. రాత్రివేళ వెళ్ళి ఆ ముఠాలో నిద్రపోతున్నవాళ్ళని మంచాల మీదే పొడిచి చంపుతారు. మ్యాగీ భర్త గ్లెన్ అంతవరకూ మనిషిని చంపి ఎరగడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా కత్తి దింపుతాడు. అదే భాగంలో కరోల్ అనే ఆవిడ బీట్‌రూట్ వేసి బిస్కట్లు చేసి ఊరందరికీ పంచుతుంది. రాత్రి కూచుని ఇంతవరకూ తను చంపినవాళ్ళ లెక్క పుస్తకంలో రాసుకుంటుంది. వంటింటి చెయ్యీ ఆ చెయ్యే, లెక్క రాసే చెయ్యీ ఆ చెయ్యే. ఎన్ని తుపాకి మోతలున్నా ఆ సీరియల్లో నా మనసులో నిలిచింది ఆ పుస్తకమే.

ఇక్కడ రిక్ పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. ఆ ముఠా మనుషులు అంతకు ముందు వీళ్ళలో కొందరిని దారిలో అటకాయించారు. ముఠా మంచిది కాదని తెలుసు. కానీ దాని నాయకుడెవరో, ఎంతమంది ఉన్నారో తెలీదు. అదంతా పది మందో ఇరవై మందో అనుకుని కందిరీగల తుట్టెలో చెయ్యి పెట్టారు. కొద్దిరోజుల్లోనే ఆ నాయకుడు వీళ్ళందరినీ మోకాళ్ళ మీద కూచోబెట్టి, మ్యాగీ కళ్ళ ఎదటే గ్లెన్‌ని కొట్టి చంపుతాడు. ముందుదెబ్బ తీస్తే కథ ముగిసిపోతుందనుకుంటారు. అవతలివాడికి అదే మొదటి దెబ్బ.

ఇలా అంటే, చేతులు ముడుచుకుని చావమంటావా అని అడగొచ్చు. కార్మక్ మెకార్తీ రాసిన 'ది రోడ్' (2006) దానికి జవాబు చెబుతుంది. 2007లో పులిట్జర్ బహుమతి వచ్చింది. బూడిద కప్పేసిన దేశంలో ఒక తండ్రీ, చిన్న కొడుకూ నడుచుకుంటూ పోతుంటారు. మనుషుల్ని తినే మనుషులున్నారు. తండ్రి దగ్గర పిస్తోలు, రెండే తూటాలు. ఒకడు పిల్లవాణ్ణి పట్టుకుని కత్తి పెడతాడు, తండ్రి కాల్చేస్తాడు. ఇందులో ఊహ లేదు, అనుమానం లేదు, ఇంకో దారీ లేదు. దాన్ని ఎవరు కాదంటారు?

కానీ మరోచోట ఒక దొంగ వీళ్ళ సామానంతా బండితో సహా ఎత్తుకుపోతాడు. తండ్రి వాణ్ణి పట్టుకుని, బట్టలూ బూట్లూ ఊడదీయించి చలిలో వదిలేస్తాడు. పిల్లవాడు వెక్కి వెక్కి ఏడుస్తాడు. నేను వాణ్ణి చంపబోలేదు కదరా అంటాడు తండ్రి. చంపేశాం కదా అంటాడు కొడుకు. వెనక్కి వెళ్ళి బట్టలు రోడ్డు మీద పెట్టి వస్తారు, వాడు మాత్రం కనిపించడు. 'తనకు మాలిన ధర్మం' కూడదని పెద్దవాళ్ళంటారు, తండ్రి ధర్మం అది. ఆ పసివాడికి ఆ సామెత ఎవరూ నేర్పలేదు.

చివరికి తండ్రి పోతాడు. ఒంటరిగా ఉన్న పిల్లవాడి దగ్గరికి ఎవరో మనిషి తుపాకితో వస్తాడు. పిల్లవాడి చేతిలో పిస్తోలుంది. తండ్రి జాగ్రత్తలన్నీ తలకెక్కి ఉంటే పేల్చి ఉండేవాడే. అతను మీరు మంచివాళ్ళేనా అని అడుగుతాడు. ఆ వచ్చినాయనకి భార్య ఉంది, ఒక కొడుకూ, ఒక కూతురూ ఉన్నారు. ఆ తల్లి వీణ్ణి దగ్గరికి తీసుకుంటుంది. తండ్రి అనుమానం వాణ్ణి అంతవరకూ బతికించిన మాట నిజమే. ఆ తరవాత బతికించింది నమ్మకం. ఈ రెండూ చెప్పినందుకే ఆ నవల పెద్దదైంది.

ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన 'పారబుల్ ఆఫ్ ది సోవర్'లో లారెన్ అనే అమ్మాయికి ఒక వింత జబ్బు. ఎదటివాళ్ళ నొప్పి చూస్తే అది తన ఒంట్లోనే తెలుస్తుంది. ఒకణ్ణి కొడితే తనకీ తగులుతుంది. కాలిఫోర్నియా తగలబడిపోతుంటే తుపాకి పట్టుకుని ఉత్తరానికి నడుస్తుంది. గాంధీగారి శిష్యురాలేం కాదు, మీదికొస్తే చంపుతుంది. రాత్రి వంతులవారీగా కాపలా పెడుతుంది. అయినా ఒక వానరాత్రి ఎవరో వీళ్ళ బసలోకి దూరతారు. చూస్తే ఒక తల్లీ, చిన్న కూతురూ, తడవకుండా కాస్త చోటు కోసం. కాల్చరు, తిండి పెడతారు. వాళ్ళూ వీళ్ళలో కలిసిపోతారు. కూలిన ఇంటి కింద చిక్కుకున్న అక్కచెల్లెళ్ళని బయటికి లాగితే వాళ్ళూ తోడవుతారు. జాన్ కస్టన్స్ గుంపూ దారిలో పెరిగింది, లారెన్ గుంపూ పెరిగింది. కానీ ఆయన వెంట నడిచే జేన్‌నీ, ఈవిడ వెంట నడిచే తల్లీకూతుళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడండి.

2020లో మహమ్మారి కొత్తల్లో మన పల్లెల్లో కొన్నిచోట్ల పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డం వేశారు, కొత్తవాళ్ళు రాకుండా. అదే రోజుల్లో హైవేల మీద పిల్లల్ని చంకనేసుకుని నడిచిపోతున్న వలస కూలీలకు పులిహోర పొట్లాలూ మంచినీళ్ళూ అందించినవాళ్ళూ ఉన్నారు. రెండూ మనమే చేశాం. ఆపద వస్తే మనిషి మృగమైపోతాడని కొందరు రచయితలు తేల్చి చెప్పేది సగం సత్యం. మిగతా సగం రాయడం కష్టం కాబట్టి వదిలేస్తుంటారు.

ఇంకొక్క సంగతి. ఈ కథల్లో ముందుదెబ్బ తీసినవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: 'నా భార్యాబిడ్డల కోసం.' ఆ మాట వినగానే మనం మెత్తబడిపోతాం. మెత్తబడకూడదు. మన పేరు చెప్పి పద్దు రాస్తున్నప్పుడు ఆ పద్దు చదివే హక్కు మనకుంది. రేపు ఆ పిల్లలు ఎవరి తల్లిదండ్రుల అన్నం తిని పెరిగామని అడిగితే జవాబు చెప్పవలసింది కూడా మనమే. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో అలాంటి సీరియల్ చూస్తూ 'చంపకపోతే వాడే చంపేసేవాడమ్మా' అంటే, కాదనకండి, అవుననకండి. 'నీకెలా తెలుసురా?' అని ఒక్క మాట అడిగి చూడండి.