ఆదిత్యాన్వేషణకు ఒక పీఠిక

సూర్యోపాసనకూ సూర్యపరిశీలనకూ కూడ చిరకాలంగా ఆశ్రయమిచ్చిన సీమ మన కళింగాంధ్రం. కళింగ గాంగ ప్రభువు దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దంలో ప్రతిష్ఠించాడని ప్రతీతి గల అరసవల్లి ఆలయంలో, ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను స్పృశించే క్షణానికై శ్రీకాకుళం వాసులు తెల్లవారకమునుపే బారులు తీరుతారు. ఆ క్షేత్రఛాయలో పెరిగి, విజయనగరంలో విద్యార్జన చేసి, భౌతికశాస్త్ర బోధనే వృత్తిగా గైకొన్న ఈ గ్రంథకర్త, సూర్యాధ్యయనానికే మన దేశం పంపిన తొలి వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 చరిత్రను తెలుగున సమకూర్చి నన్ను నాలుగు మాటలు కోరడం సంతోషదాయకం.

ఈ గ్రంథానికి ప్రాణప్రదమైనది ఇందలి పరంపరాకథనం. విజయనగరం విశాఖపట్టణ మండలంలో అంతర్భాగమై ఉన్న కాలంలో, 1840లో విశాఖలో సొంత వేధశాల నెలకొల్పిన గోడే వెంకట జగ్గారావు గారినీ, వారి అనంతరం దానిని పోషించి 1874లో సూర్యబింబంపై శుక్రుని సంక్రమణాన్ని పరిశీలించిన వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారినీ గ్రంథకర్త సముచితాసనాలపై కూర్చుండబెట్టాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణవేళ గుంటూరులో విడిసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున ఎగసే జ్వాలలు ఉజ్జ్వల వాయురాశులని వర్ణపటం ద్వారా గ్రహించి, మరునాడు గ్రహణంతో పని లేకుండానే వాటిని దర్శించగలిగిన వృత్తాంతాన్ని చదివినవారికి, ఆదిత్య సాధించదలచినదేమిటో సగం బోధపడినట్లే.

సూర్యుని ఉపరితల తాపం సుమారు 5,500 డిగ్రీలు కాగా, దానిని ఆవరించిన కరోనా పది లక్షల డిగ్రీలను మించి ఎందుకు జ్వలిస్తున్నదన్నది నేటికీ సంపూర్ణంగా తెగని ప్రశ్న. బింబతేజం ముందు ఆ కాంతి వెలవెలబోవడం వల్ల, సంపూర్ణ గ్రహణాల కొద్ది నిమిషాలే పూర్వులకు ప్రధానావకాశాలయ్యాయి. బింబపు వెలుగును తప్పించి కరోనాను మాత్రమే నిలిపి చూపే యంత్రాన్ని ఆదిత్య కోసం బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ నిర్మించింది. భూమికి 800 కిలోమీటర్ల ఎత్తున ఒక్క యంత్రంతో తిరగాలన్న 2008 నాటి తొలి సంకల్పం, క్రమేణ ఏడు యంత్రాలతో, 15 లక్షల కిలోమీటర్ల దూరాన గల లగ్రాంజ్ బిందువు చుట్టూ పరిభ్రమిస్తూ భూచ్ఛాయ అడ్డులేక నిరంతరం సూర్యుని వీక్షించే మహాప్రయత్నంగా విస్తరించిన తీరును, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటలో పీఎస్ఎల్వీ-సీ57 ఎగసినది మొదలు 2024 జనవరి 6న కక్ష్యాప్రవేశం వరకు జరిగిన ప్రస్థానాన్ని, గ్రంథకర్త తొందరపడక వివరించాడు. ఇంత శ్రమించి చేరిన ఆ స్థానం సూర్యునివైపు నూరింట ఒక వంతు దూరమేనని గుర్తుచేయడం అతని నిజాయితీకి నిదర్శనం.

నన్ను మిక్కిలి ఆకర్షించినది ఇతని సంయమనం. అరసవల్లి శిల్పుల దిగ్జ్ఞానాన్ని గౌరవిస్తూనే, ఆధునిక శాస్త్రమంతా పూర్వులకు కరతలామలకమన్న అతిశయోక్తికి ఇతడు లోనుకాలేదు; భక్తిని శాస్త్రానికి సాక్ష్యంగా పిలువలేదు, శాస్త్రంతో భక్తిని చిన్నబుచ్చలేదు. సౌరవిస్ఫోటాల ముందస్తు సూచన ఉపగ్రహాలకూ విద్యుద్వ్యవస్థలకూ ఎంత అవసరమో చెప్పేటప్పుడు, 2018లో తిత్లీ తుపాను తాకిడికి కొబ్బరితోటలు కోల్పోయిన ఉద్దానం రైతుకు హెచ్చరిక విలువ వేరే చెప్పనక్కరలేదన్న అతని మాట సమంజసం. యంత్రవర్ణన కొన్ని పుటల్లో నిడివి మించినదనీ, పారిభాషిక పదసూచిక ఉంటే మరింత ఉపకరించేదనీ నా అభిప్రాయం. మలిముద్రణలో ఆ లోటు తీరగలదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన సీమలో శాస్త్రం వాడుక తెలుగున వెలువడడం న్యాయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల గ్రంథాలయాలన్నిటా ఈ గ్రంథం ఉండదగినది. చిరంజీవి గ్రంథకర్త, ఆదిత్య పంపుతున్న ఫలితాలను ఇదే శ్రద్ధతో అనుసరించి, రెండవ సంపుటాన్ని కూడ తెలుగువారికి అందించుగాక అని ఆశీర్వదిస్తున్నాను.